అడుగు బుట్ట

"ఇది మీ క్యారేజీ సంచిలోకి ఎలా వచ్చింది?"

చొక్కా గుండీలు విప్పుకుంటున్న మనిషి మూడో గుండీ దగ్గర ఆగిపోయాడు.

ఆమె చేతిలో ఉన్నది చంటిదాని టీకా కార్డు. మూడు రోజులుగా దానికోసం ఇల్లు పీకి పందిరేసింది. బీరువా, పరుపు కింద, పాత పేపర్ల కట్ట, చివరికి కుట్టుమిషను సొరుగు కూడా వదల్లేదు. కార్డు మీద పుట్టిన రోజు వేసిన టీకాలకి సంతకాలు ఉన్నాయి. నెలన్నరకి వేయించాల్సిన టీకా గడి మాత్రం ఖాళీగా ఉంది. పిల్లకి నెలన్నర నిండి మూడు వారాలు దాటింది.

"పొరపాటున వచ్చుంటుందిలే," అన్నాడు.

"జిప్పు అరలోకి, పాలిథిన్ కవర్ చుట్టుకుని మరీ వచ్చిందా?"

అతను గుండీ వంక చూసుకున్నాడు. ఆమె బస్సు కండక్టరు. తొమ్మిదేళ్ళుగా టికెట్టు కొనని మొహాలు చూసీ చూసీ, అబద్ధం ఏ స్టాపులో ఎక్కి ఏ స్టాపులో దిగుతుందో చెప్పేయగలదు. కట్టుకున్నవాడు కదా అని ఇన్నాళ్ళూ ఆ తెలివి ఇంట్లో వాడలేదు. అదే ఆమె చేసిన తప్పు.

"దొరికింది కదా, ఇంకా ఎందుకు రాద్ధాంతం," అంది అత్తగారు లోపలి గదిలోంచి. ఆవిడ చంటిదాన్ని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని జోకొడుతోంది. "వాడికి ఇష్టం లేదని ఎన్నిసార్లు చెప్పాలి నీకు? అరచేయంత పిల్ల. దానికి అంత సూదా? కాస్త ఒళ్ళు చేయనీ, అప్పుడు చూద్దాం."

"అత్తయ్యా, మూడో ఇంటి పిల్లాడికి కోరింత దగ్గు. దగ్గి దగ్గి నీలంగా అయిపోతున్నాడట. ఒళ్ళు చేసేదాకా ఆగమంటే ఆ దగ్గు ఆగుతుందా?"

"మనం ఆ ఇంటికి పోం కదా."

"రెండు వారాల్లో నేను డ్యూటీకి పోవాలి. డిపో పిల్లల గదిలో కార్డు చూడనిదే గడప తొక్కనివ్వరు. పోనీ, మీరు చూసుకుంటారా పొద్దున్నుంచి సాయంత్రం దాకా, మోకాళ్ళ నొప్పులతో?"

అత్తగారు జోకొట్టడం మాని దుప్పటి సర్దింది. ఆవిడకి ఈ మూడు వారాలూ పండగలాగే ఉంది. పెళ్ళయ్యాక కొడుకు తన మాట వినడం ఇదే మొదటిసారి. ఆ సంతోషాన్ని మోకాళ్ళ కోసం వదులుకునే మనిషి కాదు.

అన్నిటికన్నా వింత ఏమిటంటే, అతను పనిచేసేది ఆరోగ్య కేంద్రంలోనే. టీకా మందులు దాచే ఫ్రిజ్జు తాళం అతని నడుముకే ఉంటుంది. వీధిలో పిల్లల నుంచి పెద్దల దాకా అతన్ని ఫ్రిజ్జాయన అనే పిలుస్తారు. ఏ మందు ఎంత చల్లగా ఉండాలో అన్నం తింటూ కూడా చెప్పే మనిషి, సొంత పిల్ల విషయానికొచ్చేసరికి 'వచ్చే వారం చూద్దాం' అంటాడు. ఎందుకని అడిగితే 'అమ్మకి ఇష్టం లేదు' అంటాడు. అమ్మని అడిగితే 'వాడికి ఇష్టం లేదు' అంటుంది. ఆమె ఈ ఇద్దరి మధ్యా అడకత్తెరలో పోకచెక్కలా అయిపోయింది.

"నాకు ఒక్క మాట చెప్పండి," అంది గొంతు తగ్గించి. "మీకు ఆ మందు మీద నమ్మకం పోయిందా?"

అతను జవాబు చెప్పేలోగా వీధి తలుపు కిర్రుమంది.

ఎదురింటి కోడలు, చంకలో తన రెండున్నర నెలల కొడుకుతో లోపలికి వచ్చింది. ఆమె ఏ ఇంటికైనా తలుపు తట్టి వచ్చే రకం కాదు. నోట్లో నువ్వుగింజ నానదు గానీ మనసు మాత్రం వెన్న.

"వదినా, మీ థర్మామీటరు ఒకసారి ఇస్తావా? మూడో ఇంటావిడ అడిగింది. పాపం, ఆ పిల్లాడు కళ్ళు తేలేస్తున్నాడు దగ్గినప్పుడల్లా."

"నువ్వు ఆ ఇంటికి పోతున్నావా, వీణ్ణి ఎత్తుకుని?"

"పది రోజుల నుంచి రోజూ పోతున్నా. ఆవిడకి ఎవరున్నారు? మావాడికి భయమేముంది వదినా, టీకా పడిపోయిందిగా. మొన్న మొన్నటి బుధవారమే కదా, అన్నయ్య దగ్గరుండి మరీ వేయించారు. తొడ మీద గడ్డ ఇంకా కరగలేదు గానీ, మిగతా అంతా..."

"అక్కడికి తీసుకెళ్ళకు," అన్నాడు అతను.

ఆ మాట కాస్త గట్టిగానే వచ్చింది. ఎదురింటి కోడలు తెల్లబోయింది. అతను ఎప్పుడూ ఆమెతో గట్టిగా మాట్లాడి ఎరగడు.

"అంటే... ఒక్క డోసేగా పడింది. మూడూ పడేదాకా జాగ్రత్తగా ఉండాలి," అని సర్దుకున్నాడు.

"అలాగే అన్నయ్యా," అందామె. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "మీ పాపకి కూడా వేయించేయండి అన్నయ్యా. వీధిలో ఏదేదో అంటున్నారు," అంది.

ఏమంటున్నారో ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

థర్మామీటరు ఇచ్చి తలుపు వేసి వచ్చేసరికి అతను పెరట్లో కుళాయి కింద మొహం కడుక్కుంటున్నాడు. ఒకసారి కడుక్కున్న మొహాన్నే మళ్ళీ మళ్ళీ కడుక్కుంటున్నాడు. ఆమె తువ్వాలు అందించి పక్కన నిలబడింది. అడగాలనుకున్నది అడిగేదే. కానీ గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఈసారి వచ్చింది సిస్టరమ్మ.

సిస్టరమ్మ అంటే ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేసే నర్సు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఆ చుట్టుపక్కల ఇప్పుడు మీసాలొచ్చిన కుర్రాళ్ళంతా ఒకప్పుడు ఆవిడ చేతిలో ఏడ్చినవాళ్ళే. కుర్చీ వేస్తే కూర్చోలేదు. గుమ్మం పక్క గోడకి ఆనుకుని చెప్పులతోనే నిలబడింది.

"తమ్ముడూ, నీతో గొడవ పడ్డానికే వచ్చాను," అంది అతనితో. "పోయిన బుధవారం ఎంతమంది వచ్చారు? నలుగురు. అంతకుముందు తొమ్మిదీ ఎనిమిదీ. నేను మధ్యాహ్నం దాకా దూది ఉండలు చేసుకుంటూ కూర్చున్నాను. ఎందుకు రాలేదని ఇల్లిల్లూ తిరిగి అడిగితే ఏమన్నారో తెలుసా? 'ఫ్రిజ్జాయనే తన పిల్లకి వేయించలేదంటే లోపల ఏదో ఉండే ఉంటుంది సిస్టర్' అన్నారు."

అతను తువ్వాలు మడతపెట్టాడు. విప్పి మళ్ళీ మడతపెట్టాడు.

"అవతల కోరింత దగ్గు మూడిళ్ళకి పాకింది. వేయించుకోవాల్సినవాళ్ళు ఇరవైమందికి పైనే ఉన్నారు. నేను రోజూ కాళ్ళరిగేలా తిరుగుతున్నా, నువ్వు ఇంట్లో కూర్చుని ఒక్క పని చేయకపోవడం వల్ల నా తిరుగుడంతా బూడిదలో పోసిన పన్నీరవుతోంది. మీ అమ్మగారి భయం నాకర్థమవుతుంది. ఆవిడతో నేను మాట్లాడతాను."

లోపలి గదిలో అత్తగారు దగ్గింది. తనకంతా వినిపిస్తోందని చెప్పే దగ్గు.

"రేపు బుధవారం," అంది సిస్టరమ్మ. "పొద్దున్నే మీ పిల్లని తీసుకురండి. అందరికన్నా ముందు మీ పిల్లకే వేస్తాను. అందరూ చూస్తుండగా. అంతకన్నా పెద్ద ప్రచారం ఇంకోటి లేదు. ఏమ్మా?"

ఆ 'ఏమ్మా' తనకే. మూడు వారాలుగా ఎదురు చూస్తున్న మాట ఇంటికి నడిచొచ్చి అడుగుతుంటే ఆమె ఎలా కాదంటుంది?

"వస్తాం సిస్టర్. మొదటి టీకా మా పిల్లకే," అంది.

"ఒక్క వారం..." అన్నాడతను.

"వస్తామని చెప్పాను కదా," అంది ఆమె, అతనివైపు తిరగకుండానే.

సిస్టరమ్మ మొహం విప్పారింది. ఇక చీకటి పడేలోగా ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పొస్తానంది. ఆవిడ చెప్పుల చప్పుడు పక్కింటి మెట్లు ఎక్కడం, 'ఫ్రిజ్జాయన పాపకి రేపే వేస్తున్నాం' అనడం గోడ ఇవతలికి స్పష్టంగా వినిపించింది. ఆ తర్వాత ఆ పై ఇంట్లో. ఆ తర్వాత వీధి మలుపులో.

ఆమె గెలిచింది. గెలిచిన మనిషికి ఉండాల్సిన హుషారు మాత్రం రాలేదు. ఎందుకంటే భర్త పెరటి గట్టు మీద కూలబడి, రెండు చేతుల్లో తల పెట్టుకుని ఉన్నాడు. తేలు కుట్టిన దొంగ అలాగే కూర్చుంటాడు.

"చెప్పండి," అంది ఎదురుగా బకెట్టు బోర్లించుకుని కూర్చుని. "మీ అమ్మ పేరు చెప్పకుండా చెప్పండి."

కుళాయి కింద చుక్కలు పడుతున్నాయి. అతను చెప్పడం మొదలుపెట్టాక మాత్రం ఎక్కడా ఆగలేదు.

"నీకు నొప్పులు మొదలైన శుక్రవారం గుర్తుందా? నేను డ్యూటీలో ఉన్నాను. ఆ రోజంతా కరెంటు పోతూ వస్తూ ఉంది. మర్నాటి నుంచి మూడు రోజులు సెలవులు. మందులు వేడెక్కిపోతాయేమోనని చల్లదనం మీట చివరిదాకా తిప్పేసి, తాళం వేసి నీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాను. మళ్ళీ వెనక్కి తిప్పడం మర్చిపోయాను."

"చల్లగా ఉంటే మంచిదే కదా?"

"చల్లగా ఉండాలి. గడ్డకట్టకూడదు. ఈ మందు ఒకసారి గడ్డకట్టిందంటే అంతే, దానిలో సత్తువ చచ్చిపోతుంది. మళ్ళీ కరిగాక చూస్తే మామూలుగానే కనిపిస్తుంది. మంగళవారం వెళ్ళి తలుపు తీస్తే ఫ్రిజ్జు అడుగు బుట్టలో సీసాలన్నీ రాళ్ళలా ఉన్నాయి, పై బుట్టలోవి మాత్రం గడ్డకట్టలేదు."

"అప్పుడే చెప్పేయాల్సింది."

"ఎలా చెప్పను? రోజూ రెండుసార్లు ఫ్రిజ్జులో ఎన్ని డిగ్రీలుందో చూసి పుస్తకంలో రాయాలి. సెలవు రోజైనా ఎవరో ఒకరు వెళ్ళి చూడాలి. శని, ఆది, సోమ, మూడు రోజులవీ నేను శుక్రవారమే రాసేశాను. పొద్దున నాలుగు డిగ్రీలు, సాయంత్రం అయిదు."

"చూడకుండానే?"

"అందరూ అలాగే రాస్తారు. సెలవులొస్తే ముందే రాసేసి పోతారు. ఎప్పుడు చూసినా నాలుగూ అయిదే ఉంటుంది." చేతిలోని తువ్వాలు మెలిపెట్టాడు. "గడ్డకట్టాయని చెబితే, ఆ పుస్తకంలో రాసింది అబద్ధమని నేనే సంతకం పెట్టినట్టు. నువ్వింకా ఆసుపత్రి మంచం మీదే ఉన్నావు. పిల్ల పుట్టి నాలుగు రోజులు. కరిగాక వాటిని అడుగు బుట్టలోనే ఉంచి, పై బుట్టలోవే వాడుతూ వచ్చాను. కొత్త స్టాకు రాగానే పగిలిపోయాయనో ఏదో రాసి పారేద్దామనుకున్నా. కొత్త స్టాకు రాలేదు. మన పిల్లకి నెలన్నర నిండిన వారమే పై బుట్ట ఖాళీ అయింది."

ఆమెకి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. అర్థమైంది ఒంట్లోకి దిగడానికే పట్టింది.

"ఈ మూడు బుధవారాలూ వేసింది అడుగు బుట్టలోదేనా?"

తలూపాడు.

"ఎంతమందికి?"

"ఇరవై ఒక్కరికి."

"ఎదురింటి పిల్లాడికి?"

మళ్ళీ తలూపాడు. "విషమేం కాదు. తొడ కాస్త గట్టిపడుతుందేమో, అంతే. అదేం చేయదు."

"ఏమీ చేయదు. నేనూ అదే అంటున్నాను."

అతను గట్టు మీద నుంచి దిగి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించాడు.

"ఒక దారి ఉంది, విను. పక్క కేంద్రం స్టోరతన్ని మూడు వారాలుగా కాళ్ళావేళ్ళా పడి బతిమాలితే నిన్న ఒక సీసా ఇచ్చాడు. మంచిది. రేపు పొద్దున ట్రేలో ముందు దాన్నే పెడతాను. మన పిల్లకి అదే పడుతుంది. సిస్టరు మాట కూడా నిలబడుతుంది. జనం మళ్ళీ రావడం మొదలుపెడతారు. ఈలోగా కొత్త స్టాకు వస్తుంది."

"ఒక సీసా ఎంతమందికి వస్తుంది?"

"పదిమందికి. మన పిల్ల కాక ఇంకో తొమ్మిది మందికి కూడా మంచిదే పడినట్టు."

"పదకొండో పిల్ల ఎవరిది?"

అతను లేచి వెళ్ళి కుళాయి బిగించాడు.

మంచి సీసా ఉందన్న మాట వినగానే ఆమె లోపల ప్రాణం కుదుటపడిన మాట నిజం. దాచడమెందుకు, ఏ తల్లికైనా అంతే. ఆ వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది. తన పిల్లని ముందు కూర్చోబెట్టి, దాన్ని చూపించి మిగతా పిల్లలందరినీ ఆ కుర్చీలోకి పిలవాలి. వస్తామని తనే మాటిచ్చింది. సిస్టరమ్మ ఈపాటికి పదిహేను గుమ్మాలు దాటి ఉంటుంది.

"అందుకా నన్ను అడ్డం పెట్టుకున్నావు?"

పెరటి తలుపులో అత్తగారు నిలబడి ఉంది, చంటిదాన్ని భుజాన వేసుకుని. ఎప్పటినుంచి ఉందో తెలియదు.

"కూరలు కొనడానికి వెళ్తే ఆడవాళ్ళంతా నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నారు. 'ఈ ముసలిదే అడ్డుపడుతోంది, చదువూ సంధ్యా లేదు' అని. నేను గర్వంగా తలెత్తుకుని నడిచాను. నా కొడుకు నా మాట విన్నాడనుకున్నాను."

"అమ్మా..."

"నాకు సూదంటే భయమే. నీకు టీకా వేయించినప్పుడు, నీ ఏడుపు వినలేక బయట రోడ్డు మీద నిలబడి చెవులు మూసుకున్నాను. కానీ వేయించాను. ఒక్కటి కూడా తప్పకుండా వేయించాను."

అత్తగారి మీద ఆమెకి జాలి కలగడం ఈ కాపురంలో అదే మొదటిసారి. ఇక ఆవిడ తన వైపే అనుకుంది. ఆ ఊరట ఒక్క నిమిషమే.

"అయినా, అయిందేదో అయింది," అంది అత్తగారు కళ్ళు తుడుచుకుని. "బయటపడితే వీణ్ణి ఊరుకుంటారా? ఉద్యోగం సరే, వీధిలో రాళ్ళేస్తారు. రేపు చంటిదానికి ఆ మంచిది పడనీ. మిగతావాళ్ళని దేవుడే చూసుకుంటాడు. నువ్వు మాత్రం నోరు విప్పకు తల్లీ. నీకు దణ్ణం పెడతాను."

నిజంగానే చెయ్యెత్తింది. ఒక చేత్తో పిల్లని పట్టుకుని ఉంది కాబట్టి సగం దణ్ణమే అయింది.

ఆమె పిల్లని అందుకుని లోపలికి వెళ్ళి పాలు పట్టింది. తల్లీకొడుకులు ఆ మౌనాన్ని ఒప్పుకోలు అనుకున్నారు. అనుకోనీ అనుకుంది ఆమె కూడా, ఎందుకంటే అది ఏమిటో తనకే తెలియలేదు.

పొద్దున ఆరోగ్య కేంద్రం వసారాలో ఇసకేస్తే రాలనంత మంది. సిస్టరమ్మ తిరుగుడు ఫలించింది. ఆమె లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టింది. తన వెనక ఇరవై ఇద్దరు తల్లులు ఉన్నారు. కొందరు ఆమెని చూసి నవ్వారు. ఒకావిడ, "మీరొస్తున్నారని తెలిశాకే ధైర్యం వచ్చింది," అంది.

లోపల గదిలో అతను ఫ్రిజ్జు పక్కన నిలబడి ఉన్నాడు. ట్రేలో ఒకే ఒక్క సీసా ఉంది. అతను ఆమెని చూసి, సీసాని చూసి, మళ్ళీ ఆమెని చూశాడు. ఆ చూపులో బతిమాలడం తప్ప ఏమీ లేదు.

"రా తల్లీ, రా. ఇవాళ నువ్వే మా పెద్దమనిషివి," అంటూ సిస్టరమ్మ చంటిదాని తొడ దూదితో తుడిచింది.

ఇప్పుడు లేవచ్చు. ఇప్పుడే చెప్పేయచ్చు. కానీ చెబితే ఆ సీసాని ఇంకెవరూ ముట్టుకోరు. ఆమె పిల్ల కాలు గట్టిగా పట్టుకుంది. సూది దిగింది. చంటిది ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత గది అదిరేలా ఏడ్చింది. అది ఆమె స్వార్థం. దానికి ఎవరు ఏమన్నా పడటానికి ఆమె సిద్ధంగానే ఉంది.

"అయిపోయింది. లేమ్మా. తర్వాతెవరు?" అంది సిస్టరమ్మ కార్డు మీద సంతకం పెడుతూ.

ఆమె లేవలేదు.

"లే," అన్నాడు అతను, పెదాలు కదపకుండా.

అప్పుడే తలుపు దగ్గర గలాభా. వరసలో నిలబడకుండా, అందరినీ తప్పించుకుంటూ ఎదురింటి కోడలు లోపలికి వచ్చింది. చుట్టిన గుడ్డలో కొడుకు. జడ సరిగ్గా వేసుకోలేదు.

"సిస్టర్, ఒక్క నిమిషం చూడరా? నిన్న రాత్రి నుంచి వీడికి చిన్న దగ్గు. జలుబే అయ్యుంటుంది. వాళ్ళ నాన్న ఒకటే కంగారు, కోరింత దగ్గేమోనని. నేను చెప్పాను, వాడికి టీకా పడింది, ఆ దగ్గు రాదని." ఆమె ఫ్రిజ్జు వైపు తిరిగింది. "పడింది కదా అన్నయ్యా? మీరే కదా సీసా తీసిచ్చారు?"

పిల్లాడు దగ్గాడు. ఒకటి తర్వాత ఒకటి, మధ్యలో ఊపిరికి చోటు లేకుండా. దగ్గు తెరిపిచ్చేసరికి పెదాల చుట్టూ రంగు మారింది. వరసలో మాటలు ఆగిపోయాయి. అందరూ ఫ్రిజ్జాయన వైపే చూస్తున్నారు.

అతను తాళంచెవి పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు.

"పడిందమ్మా," అన్నాడు.

చంటిదాన్ని గుండెకి అదుముకుని కుర్చీలో ఉన్న ఆమె, తల పైకెత్తింది.

"పడలేదు," అంది.